దక్షిణం వైపు వాకిలి

2012 ఏప్రిల్ నాటికి నా చేతిలో ఉన్నవి ఇవీ. మోరిస్‌విల్‌లో ఒక ఇండియన్ గ్రాసరీ, ఆదివారం మధ్యాహ్నం పార్కింగ్ దొరకనంత బేరం. మా తెలుగు సంఘం కట్టదలచిన సాంస్కృతిక కేంద్రానికి బిల్డింగ్ కమిటీ చైర్మన్ పదవి. దానికి జీతం ఉండదు, మాటలు మాత్రం దండిగా పడాలి. ఆ కేంద్రం కోసం సంఘం కొన్న స్థలం, ఊరి చివర, హేజ్ గ్రోవ్ అనే పేట అంచున. వీటన్నిటికీ మించి మా అమ్మాయి జాహ్నవి. డర్హమ్‌లో ఆర్కిటెక్ట్. కేంద్రానికి ప్లాన్ గీసే పని వాళ్ళ ఆఫీసుకు వచ్చింది, ఆఫీసు దాన్ని ఆమె చేతిలో పెట్టింది.

స్థలం చవకగా వచ్చింది. చవకగా వచ్చిన కందిపప్పును నేను దోసిట్లోకి తీసుకుని వాసన చూసిగాని కొట్లో దించను. ఈ స్థలం ఎందుకు చవకో అలా చూడనవసరం లేకపోయింది. అందరికీ తెలుసు. హేజ్ గ్రోవ్ నల్లజాతివాళ్ళ పేట. మావాళ్ళు "ఆ ఏరియా" అని అక్కడితో ఆపేవారు. అమ్మినవాడు బేరంలో ఆ మాట ఎత్తలేదు, కొన్న మేమూ ఎత్తలేదు. ధర మాత్రం ఆ మాట మీదే కుదిరింది.

జాహ్నవి హైస్కూల్లో అడుగుపెట్టాక నన్ను ఏదీ అడిగి ఎరగదు. చదువు తనే ఎంచుకుంది, ఉద్యోగం తనే వెతుక్కుంది. ఆ వసంతంలో మాత్రం రోజూ కొట్టుకు ఫోన్ చేసేది.

"నాన్నా, అరుగు ఎంత హైట్ ఉంటుంది?"

"కూర్చుంటే కాళ్ళు నేలకి ఆనాలి."

"పైన రూఫ్ ఉంటుందా?"

"చూరు ఉంటుంది. ఇంటి కప్పే కాస్త ముందుకి వస్తుంది."

"ఎవరు కూర్చుంటారు?"

"ఎవరైనా. దారినపోయేవాళ్ళు, ఎండకి ఆగినవాళ్ళు."

"ఎనీబడీ?"

"ఎనీబడీ."

అవతల పెన్సిల్ కదిలిన చప్పుడు వినిపించేది. నేను ఒక చేత్తో కొత్తిమీర కట్టలకు బిల్లు వేస్తూ, ఇంకో చేత్తో ఫోన్ చెవికి నొక్కుకుని చూరుల గురించీ మెట్ల గురించీ చెప్పేవాణ్ణి. కేంద్రం కడతారో లేదో తెలియని రోజుల్లోనే నాకు ముట్టిన లాభం అది.

మే నెలలో ఒక ఆదివారం ఇంటికి వచ్చి డైనింగ్ టేబుల్ మీద ప్లాన్ పరిచింది. మా ఆవిడ మీనాక్షి పళ్ళెం పక్కకు జరిపి తనూ వంగి చూసింది.

"స్థలంలో ఆల్రెడీ ఒక దారి ఉంది నాన్నా. హేజ్ గ్రోవ్ వాళ్ళు బస్ స్టాప్‌కి నడిచే దారి. గడ్డిలో కనిపిస్తుంది చూడు. నేను దాన్ని క్లోజ్ చేయట్లేదు. బిల్డింగ్ మధ్యలోంచి నడవలాగా వెళ్తుంది. ఇటు హాల్, అటు లైబ్రరీ, కిచెన్. మెయిన్ డోర్ సౌత్‌కి, పేట వైపు. దాని ముందు మొత్తం అరుగు."

"నడవకి గేటేది?" అన్నాను.

"గేట్ లేదు."

"గేటు లేకపోతే ఎవరుపడితే వాళ్ళు వస్తారు కదే!"

"అదే పాయింట్."

"అంటే, పెళ్ళి భోజనాలు జరుగుతుంటే మధ్యలోంచి నడుచుకుంటూ బస్సెక్కడానికి పోతారా?" అంది మీనాక్షి.

"పోతారమ్మా. ఆకలేస్తే ఆగుతారు."

మీనాక్షి నవ్వింది. జాహ్నవి నవ్వలేదు. "ఇక్కడ బిల్డింగ్సే చెప్తాయి నాన్నా, ఎవరు రావచ్చు, ఎవరు రాకూడదు అని. ఒకప్పుడు వైట్స్‌కి వేరే, బ్లాక్స్‌కి వేరే అని బోర్డ్స్ ఉండేవి. బోర్డ్స్ తీసేశారు, గోడలు అలాగే ఉంచారు. నేను గీసే గోడ అలా చెప్పకూడదు."

"సరే," అన్నాను.

నా దగ్గర 'సరే' ఎప్పుడూ నిల్వ ఉంటుంది. కొట్టు నడిపేవాడికి అది ఉప్పులాంటి సరుకు.

ఆ వారమే విశ్వనాథం గారు కొట్టుకు వచ్చారు. రోడ్లు భవనాల శాఖలో ఇంజనీరుగా రిటైరై, పక్క ఊరు క్యారీలో కొడుకు దగ్గర ఆరు నెలలు గడపడానికి రాజమండ్రి నుంచి వచ్చిన మనిషి. అక్కడికంటే ఇక్కడ ఆయనకు ఎక్కువ పని దొరికింది. మావాళ్ళలో ఎవరు ఇల్లు కొనాలన్నా ముందు ఆయన్ని కారెక్కించి తీసుకెళ్ళి వాస్తు చూపించుకునేవారు. ఆయన తల అడ్డంగా ఊపిన ఇంటిని మళ్ళీ తెలుగువాడెవడూ చూడడు. ఒక రియల్ ఎస్టేట్ ఏజెంటమ్మ ఆయన పుట్టినరోజుకు కేకు పంపిందంటే చూసుకోండి. కమిటీ పంపగా ఆయన ప్లాన్ చూడటానికి వచ్చారు. బియ్యం బస్తాల మీద పరిచాను.

"అమ్మాయి ముచ్చటగా గీసిందండి కేశవరావుగారూ. కానీ సింహద్వారం దక్షిణానికి పెట్టేసిందేవిటండీ?"

"పేట అటుందండి."

"పేట ఎటుంటే ఏవిటండీ, యముడు అటే ఉంటాడు గదా! తూర్పున పెద్ద రోడ్డు ఉంది, శుభ్రంగా ద్వారం అటు తిప్పించండి. దక్షిణం గోడ మూసేయండి. బరువులన్నీ అటు పెట్టుకోవచ్చు, స్టోరు రూమూ అదీను."

"సరేనండి," అన్నాను.

ఆ తరువాతి శనివారం జాహ్నవి నన్ను హేజ్ గ్రోవ్ తీసుకెళ్ళింది. మా స్థలానికి ఎదురుగా, వీధికి అవతల, ముందు వరండా ఉన్న చిన్న తెల్ల ఇల్లు మిస్ ఎర్లీన్‌ది. స్కూలు వంటశాలలో పనిచేసి రిటైరైన ఆవిడ. చర్చిలోనూ పేట సంఘంలోనూ ఆవిడ మాట దాటేవాళ్ళు లేరు. ఐసు వేసిన తీపి టీ ఇచ్చి, మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టింది. జాహ్నవి అప్పటికే చాలాసార్లు వచ్చినట్టుంది, గ్లాసులు తనే లోపలికి వెళ్ళి తెచ్చింది.

ఆ వరండాలోంచి ఎడమకు చూస్తే షాపింగ్ కాంప్లెక్స్ వెనక గోడ, లారీలు సరుకు దించే ఇనుప తలుపులు. కుడికి చూస్తే హైవే మోత ఆపడానికి కట్టిన పొడవాటి సిమెంటు గోడ. మధ్యలో పైన్ చెట్లు, గడ్డి, గడ్డిలో కాలిబాట. అది మాది.

"మిస్టర్ రావ్," అంది ఆవిడ, "నేను ఈ కుర్చీలో కూర్చుని చూస్తుండగానే ఇవన్నీ వచ్చాయి. ఎవరొచ్చినా మాకు వీపే చూపించారు. ఆ కాంప్లెక్స్ ముందు వైపు ఫౌంటెన్ ఉంది, చూశారా? బాగుంటుంది. ఈ వైపు చెత్త లారీ ఉంటుంది. తెల్లవారుజామునే వస్తుంది. మీ బిల్డింగ్ ముఖం ఎటు?"

కొట్లో ఉన్నట్టే జవాబు చెప్పాను. "ఇంకా గీస్తున్నాం, మేమ్."

"మీ అమ్మాయి ఇటే అంది."

"అమ్మాయి గీస్తుంది. కమిటీ చూస్తుంది."

"అయితే కమిటీ చూశాక చెప్పండి. నేను ఇక్కడే ఉంటాను. ఇంతకుముందు కూడా ఇక్కడే ఉన్నాను."

ఆ స్థలంలో కట్టుకోవడానికి టౌన్ కౌన్సిల్ ఒప్పుకోవాలి. ఆగస్టులో పబ్లిక్ హియరింగ్. పేటవాళ్ళు లేచి వద్దంటే పని అక్కడే ఆగిపోవచ్చు. ఆవిడ లేస్తుందని మాత్రం నాకు ఆ వరండాలోనే తెలిసింది. ఎటు మాట్లాడుతుందనేదే తేలవలసింది.

కమిటీ నా కొట్టు వెనక గదిలో కూర్చుంది. విశ్వనాథం గారి మాట అందరూ ఒప్పుకున్నారు. ద్వారం తూర్పుకు తిరిగింది. నడవ మూసుకుపోయింది, బాట కంచె చుట్టూ తిరిగి పోవాలన్నారు. దక్షిణం గోడ పక్కన స్టోరు రూము సరే, జనరేటరు కూడా అక్కడే, చెత్త డబ్బాలు కూడా అక్కడే. చెత్త డబ్బాల మాట విశ్వనాథం గారు అనలేదు. అది కమిటీ కలిపింది. "అటెలాగూ ఎవరూ చూడరు కదండీ," అన్నాడొకాయన. మూల కుర్చీలో కూర్చున్న కిరణ్‌కుమార్ మాత్రం ఏమీ అనకుండా టీ తాగాడు. ఆర్టీపీ అనే కంపెనీల పార్కులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మా సంఘం వెబ్‌సైట్ అతనే చూసేవాడు. మామూలుగా కూడా తక్కువ మాట్లాడే మనిషి.

మర్నాడు జాహ్నవి కొట్టుకు వచ్చింది. గిరాకీ ఉండగానే బిల్లింగ్ కౌంటర్ ముందు నిలబడింది.

"అయితే వేరే ఆర్కిటెక్ట్‌ని చూసుకో నాన్నా."

"కోపం తెచ్చుకోకే. అటు ఒక సైడ్ డోర్ పెడదాం."

"సైడ్ డోర్ వద్దు. వాళ్ళకి ఎప్పుడూ సైడ్ డోరే ఇచ్చారు. నువ్వేమన్నావు కమిటీలో?"

"చైర్మన్ అనకూడదమ్మా, అందరిదీ వినాలి."

"నువ్వు కొట్లో అందరికీ సరే అంటావ్. విశ్వనాథం అంకుల్‌కి సరే అన్నావ్. నాకూ సరే అన్నావ్. ఏ సరే రియల్?"

వెనక నిలబడిన కస్టమర్ తన చేతిలోని ఇడ్లీ రవ్వ ప్యాకెట్ మీద అక్షరాలు శ్రద్ధగా చదువుకోసాగాడు.

"హియరింగ్‌కి ముందు ప్లాన్ సబ్మిట్ చేయాలి," అంది. "ఈస్ట్ డోర్ ప్లాన్ మీద నా పేరు ఉండదు. ఆఫీస్‌లో చెప్పేస్తా."

ఫోన్లు ఆగిపోయాయి. అంతకుముందు ఆ ఫోన్లు వస్తుంటే పని చెడుతోందని విసుక్కునేవాణ్ణి. ఇప్పుడు ఆ వేళకు కౌంటర్ మీది ఫోన్ వైపు చూసేవాణ్ణి. పాలకూర ఎప్పుడొస్తుందని ఎవరో అడిగేవారు.

ఆ ఫోన్ మళ్ళీ మోగాలంటే ఏదో ఒకటి చెయ్యాలి. వ్యాపారం చేసేవాడికి తోచేది ఒకటే: సరుకు గురించి చెప్పడం ఆపి, రుచి చూపించడం. పేటవాళ్ళందరినీ మా స్థలంలోనే భోజనానికి పిలుద్దామన్నాను. ఒక పూట కలిసి తింటే, ద్వారం ఎటున్నా హియరింగ్‌లో మన పక్షాన ఉంటారు, అమ్మాయీ మెత్తబడుతుంది. ఇదీ నా అంచనా. కమిటీకి నచ్చింది.

జూన్ చివర ఒక శనివారం. పైన్ చెట్ల కింద గుడారాలు వేశాం. ఎండ మండుతోంది, చెట్లలో కీచురాళ్ళ రొద. పులిహోర, గుత్తివంకాయ, గోంగూర పచ్చడి, కోడి వేపుడు, పెరుగన్నం. మా ఆడవాళ్ళకు ఒక దిగులు పట్టుకుంది: పాపం, వాళ్ళు మన కారం ఏం తినగలరు? అందుకని వేరే టేబుల్ వేశాం. కారం లేని బంగాళాదుంప, మిరియం కూడా తగలని చికెన్, కూరగాయల పలావు, బ్రెడ్. నేనే కొట్లో కంప్యూటర్ మీద కొట్టి, పెద్దక్షరాలతో ఇంగ్లీషు బోర్డు అంటించాను: 'మా అతిథులకు'.

జాహ్నవి వస్తుందో రాదో అనుకున్నాను. వచ్చింది. నాతో మాట్లాడకుండా మంచినీళ్ళ సీసాలు ఐసులో పెట్టే పని చూసుకుంది.

పేటవాళ్ళు చర్చి నుంచి వచ్చినంత శుభ్రంగా తయారై, ఆ కాలిబాట మీదుగానే నడిచి వచ్చారు. ముందు మిస్ ఎర్లీన్, తల మీద లేత పసుపు టోపీ. నేను ఎదురెళ్ళాను.

"మాది ఏ లైను, మిస్టర్ రావ్?"

"ఇదిగో మేమ్, ఇది. ప్రత్యేకంగా మీకోసమే. కారం అసలుండదు. గిన్నెలు వేరు, గరిటెలు కూడా వేరు. అటుదీ ఇటుదీ ఎక్కడా కలవదు."

మావాళ్ళలో శాకాహారులకు ఇంతకు మించిన భరోసా లేదు. గరిటె కలవలేదంటేనే వాళ్ళు పళ్ళెం పట్టుకుంటారు. అదే మాట అదే గర్వంతో ఆవిడకూ చెప్పాను.

ఆవిడ బోర్డు చదివింది. గరిటెల వైపు చూసింది. తరువాత మావాళ్ళ పొడుగాటి లైను వైపు, మళ్ళీ ఈ టేబుల్ వైపు.

"కలవదు," అంది.

"ఎక్కడా కలవదు, మేమ్."

"నాన్నా," అంది జాహ్నవి వెనకనుంచి.

మిస్ ఎర్లీన్ నా చేయి నెమ్మదిగా తట్టి, నన్ను దాటి వెళ్ళి, మావాళ్ళ లైను చివర మీనాక్షి వెనక నిలబడింది. ఆవిడ వెనక వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళి ఆవిడ వెనక నిలబడ్డారు. అతిథుల టేబుల్ దగ్గర ఎవరూ మిగల్లేదు.

మీనాక్షి కంగారు పడింది. "అయ్యో, అది స్పైసీ మేమ్, వెరీ వెరీ స్పైసీ!"

"హనీ, నా చేతి వంట తిన్నాక అప్పుడు చెబుదువుగాని, స్పైసీ అంటే ఏంటో."

గోంగూర నోట్లో పెట్టుకున్నాక ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి. మీనాక్షి మంచినీళ్ళకు పరిగెత్తబోయింది. ఆవిడ వేలెత్తి ఆపింది, మింగింది, పళ్ళెం ముందుకు చాచింది. "ఇంకొంచెం. ఇది మా కాలర్డ్ ఆకుకూరకి పెద్దమ్మ కూతురులా ఉంది." లైనులో నవ్వులు పుట్టాయి. ఎవరో తన జేబులోంచి మిరపకాయ సాసు చిన్న సీసా తీసి గుత్తివంకాయ మీద చల్లుకుంటున్నారు. మా ఆడవాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూశారు.

అతిథుల టేబుల్ దగ్గర విశ్వనాథం గారొక్కరే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆయనకు కడుపులో పుండు. "ఏవండీ, ఈ బంగాళాదుంప దివ్యంగా ఉందండి! ఎవరూ ముట్టుకోరేవిటండీ?" అని అటు పోయేవాళ్ళనల్లా అడుగుతున్నారు.

నాకు ఇంకా అర్థం కాలేదు. సరుకు బాగుండి కూడా గిరాకీ ఎందుకు రాలేదా అని చూస్తున్నాను. కిరణ్‌కుమార్ వచ్చి, నేను అంటించిన బోర్డు జాగ్రత్తగా ఊడదీసి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"బోర్డు తీసేశావేంటయ్యా?"

"తీసేశానండి."

"అదే, ఎందుకని?"

అతను తన పళ్ళెంలోని అన్నం కలుపుతూ, మామూలు గొంతుతో చెప్పాడు. "మా ఊళ్ళో కాఫీ హోటల్ బయట మా నాన్నకి ఒక గ్లాసుండేదండి. మేకుకి తగిలించి. తాగి, కడిగి, మళ్ళీ అక్కడే తగిలించాలి. అది కూడా ఎక్కడా కలవదు."

నేను అతని వైపు చూశాను.

"మీరు చేసింది అది కాదని నాకు తెలుసండి. ఆవిడకెలా తెలుస్తుంది?"

కిరణ్‌కుమార్‌ను ఎన్నో ఏళ్ళుగా ఎరుగుదును. ఏ ఊరని మొదటి రోజే అడిగాను. ఊళ్ళో ఏ వైపని అడగలేదు, అతనూ చెప్పలేదు. ఆ రోజు కూడా చెప్పనవసరం లేదు. బోర్డు ఊడదీసి ఊరుకున్నా సరిపోయేది.

"ఇంకో మాటండి. అరుగు మీద ఎవరైనా కూర్చుంటారని జాహ్నవికి చెప్పారట. ఆ మాట ప్లాన్ మీద రాసుకుంది, నాకు చూపించింది. ఎవరైనా కాదండి. మా నాన్న ఎప్పుడూ అరుగు కిందే నిలబడ్డాడు. కానీ ఆ పిల్లకది తెలీదు, ఎవరైనా అనుకునే గీస్తోంది. గీయనివ్వండి."

అని పెరుగన్నం కోసం వెళ్ళిపోయాడు.

రెండు టేబుళ్ళ మధ్య గడ్డి ఉంది. కార్లు తిరగడానికి వీలుగా ఉంటుందని నేనే దగ్గరుండి వదిలించిన జాగా. మిస్ ఎర్లీన్ చిన్నతనంలో ఈ దేశంలో, ఈ రాష్ట్రంలో ఏ లైను ఎక్కడ ఉండేదో నేను పౌరసత్వం పరీక్షకు చదివి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ చదువు ఆ పూట అక్కరకు రాలేదు.

మిస్ ఎర్లీన్ దగ్గరకు వెళ్ళాను. "మేమ్, ఆ టేబుల్ వేయడం తప్పయింది."

"టేబుల్‌ది తప్పేం లేదు మిస్టర్ రావ్," అంది వేపుడు ముక్క కొరుకుతూ. "పెట్టిన చోటుది."

నేనూ కిరణ్‌కుమారూ అటో కొసా ఇటో కొసా పట్టుకుని ఆ టేబుల్ లేపాం. "అయ్యయ్యో, నా కంచం, నా కంచం!" అంటూ విశ్వనాథం గారు చేతిలో కుర్చీతో మా వెంట నడిచారు. తీసుకెళ్ళి రెండో దానికి ఆనించాం. ఆయన మళ్ళీ అదే బంగాళాదుంప ముందు కూర్చున్నారు. ఈసారి పక్కన మిస్ ఎర్లీన్ ఉంది. సాయంత్రం ఉరుములు మొదలయ్యేదాకా ఇద్దరూ కడుపులో పుండుకు ఏ మందు మంచిదో మాట్లాడుకున్నారు.

మరుసటి వారం కమిటీలో నేను ముందుగా మాట్లాడాను. చైర్మన్ అనకూడదన్న మాట పక్కన పెట్టాను.

"దక్షిణం వైపు వాకిలి. నడవ, అరుగు. అమ్మాయి గీసింది గీసినట్టు. చెత్త డబ్బాలు తూర్పున మన పార్కింగ్ పక్కన పెడదాం. మన చెత్త మనం చూసుకుందాం."

గొడవ లేచింది. సేఫ్టీ అన్నారు, ఇన్సూరెన్స్ అన్నారు, కూతురి కోసం ప్లేటు ఫిరాయించాడన్నారు. కిరణ్‌కుమార్ మూల కుర్చీలో ఉన్నాడు. అతని గ్లాసు సంగతి నేను ఎత్తలేదు. ఎత్తితే బేరం అక్కడికక్కడే కుదిరేదని తెలుసు. కానీ అది నేను అమ్ముకునే సరుకు కాదు. రెండు టేబుళ్ళ సంగతి చెప్పాను. అది నాది.

చివరికి అందరూ విశ్వనాథం గారి వైపు తిరిగారు. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు.

"ఇల్లు చూసినట్టు చూడమన్నారు, చూశానండి. ఇల్లయితే నా మాట నేను మార్చను. కానీ ఇది ఇల్లు కాదు గదా, సత్రం. సత్రానికి జనం ఎటునుంచి వస్తే ద్వారం అటే ఉండాలి. రోడ్డు డిపార్టుమెంటులో ఎన్ని కట్టలేదూ!"

"మరి ఈ ముక్క ముందే చెప్పొచ్చు కదండీ!" అన్నాడు, అటెలాగూ ఎవరూ చూడరన్నాయన.

"సత్రమని మీరు చెప్పొద్దుటండీ?"

ఆ రాత్రి కాదు, మర్నాడు పొద్దున్నే జాహ్నవికి నేనే ఫోన్ చేశాను. "ప్లాన్ మీద నీ పేరు రాసుకో," అన్నాను.

"రియల్ సరేనా?"

"రియల్."

"థాంక్స్ నాన్నా," అంది. పెట్టేస్తుందనుకున్నాను. "నాన్నా, చూరు ఎంత ముందుకి రావాలి? వర్షం జల్లు కొడితే అరుగు తడవకూడదు కదా."

నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. పాలకూర కోసం వచ్చినావిడను కాసేపు ఆగమన్నాను.

ఆగస్టు హియరింగ్‌లో మిస్ ఎర్లీన్ అదే పసుపు టోపీతో మైకు దగ్గరకు నడిచింది. "ఈ పేటకు ముఖం పెట్టి కడతామని వచ్చినవాళ్ళను నేను ఇన్నేళ్ళలో ఇప్పుడే చూస్తున్నాను," అంది. "వీళ్ళకు టేబుళ్ళు వేయడం రాదు. వంట వచ్చు. మిగతాది మేం నేర్పుతాం." కౌన్సిల్ వాళ్ళు కూడా నవ్వారు. అనుమతి వచ్చింది.

ఇక లెక్క. పోయినవి ముందు చెప్పాలి. దక్షిణ ద్వారమని తెలిసి కొందరు దాతలు తప్పుకున్నారు, హాలు అనుకున్నంత పెద్దది కాలేదు. ఒకరిద్దరు నా కొట్టుకు రావడం మానేశారు. కట్టడం అనుకున్నదానికంటే ఏడాది ఆలస్యమైంది, 2014 శరత్కాలంలో తలుపులు తెరిచాం.

వచ్చినవి. ఆ నడవలోంచి జనం బస్సుకు నడుస్తున్నారు. మా పిల్లల నాట్యం క్లాసులు, వాళ్ళ చర్చి పిల్లల పాటల ప్రాక్టీసు ఒకే సాయంత్రం జరిగితే ఎవరి తాళం ఎవరిదో తెలియక పిల్లలు తన్నుకుంటున్నారు, తరువాత అరుగు మీద కూర్చుని ఒకే డబ్బాలోంచి జంతికలు తింటున్నారు. మొదటి ఏడాది కిరణ్‌కుమార్ వాళ్ళ నాన్నగారు వచ్చినప్పుడు అతను ఆయన్ని తీసుకొచ్చి ఆ అరుగు మీద కూర్చోబెట్టాడు. ఆయనకు ఏమీ చెప్పలేదు. ఆయన కాళ్ళు నేలకి ఆనించుకుని, ఇక్కడ ఎండ ఇంత చల్లగా ఉంటుందేంటిరా అని అడిగారు. నేను కొట్టునుంచి టీ తెప్పించాను, ముగ్గురం తాగాం.

జాహ్నవి ఇప్పుడు ఇంకో ఊళ్ళో ఇంకో కట్టడం గీస్తోంది. రోజూ ఫోన్ చేస్తుంది. సగం ప్రశ్నలకు నాకు జవాబు తెలియదు.

నేను అంచనాలో వేసుకోనిది ఒకటి ఉంది. తలుపులు తెరిచే ముందు టౌన్ ఆఫీసునుంచి ఒకమ్మాయి వచ్చి చిరునామా ఖాయం చేసింది. ముఖద్వారం ఏ వీధిలోకి ఉంటే చిరునామా ఆ వీధిదే. మేం ఊహించుకున్నది తూర్పున ఉన్న పెద్ద పార్క్‌వే పేరు. ఆమె రాసింది కూపర్ స్ట్రీట్, హేజ్ గ్రోవ్. రాత్రయితే పిజ్జా తెచ్చేవాడు కూడా రానని చెప్పే వీధి అది, మావాళ్ళు "ఆ ఏరియా" అన్న వీధి. ఇప్పుడు మా పెళ్ళి శుభలేఖల మీద, ఉగాది కరపత్రాల మీద, బారసాల పిలుపుల మీద ఆ పేరే ఉంటుంది. చుట్టుపక్కల ప్రతి తెలుగింటి ఫ్రిజ్ మీదా ఏదో ఒక అయస్కాంతం కింద కూపర్ స్ట్రీట్ ఉంటుంది.

ఆ మాట చెబితే మిస్ ఎర్లీన్ తన ఇంటి నంబరు పలకను ఒకసారి, మా నంబరు పలకను ఒకసారి చూసింది. "అయితే మనం ఒకే వీధివాళ్ళం, మిస్టర్ రావ్," అంది.

ఈ దేశంలో నేను చాలా అడ్రసులు మార్చాను. అద్దెకు తీసుకున్నవి, కొన్నవి, అమ్మేసినవి. పక్కవాళ్ళు తమ వీధి పేరు ఇస్తే వచ్చినది ఇదొక్కటే. దీనికి నేను ధర కట్టలేదు, ఎవరూ అడగలేదు. ఇచ్చారు, తీసుకున్నాం.